జోక్యం ఉన్న ప్రసార మార్గాల్లో డేటా వేగం పెంపు

ఒకే తీగల కట్టనో, ఒకే పౌనఃపున్య పట్టీనో పలువురు పంచుకొని సమాచారం పంపుకొనేటప్పుడు, ఒకరి కోసం బయలుదేరిన సంకేతం మరొకరి గ్రాహకంలోకి చొరబడడాన్ని జోక్యం అంటారు. ఇంజనీర్ల నిత్యవ్యవహారంలో దీని పేరు ఇంటర్‌ఫియరెన్స్. గ్రాహకాన్ని ఇబ్బంది పెట్టేది ఇదొక్కటే కాదు, ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం వల్ల ప్రతి పరికరంలోనూ పుట్టే రొద కూడా ఉంటుంది. రెండూ సంకేతాన్ని చెరిపేవే అయినా వాటి స్వభావాలు వేరు. రొదను ఎవరూ పంపలేదు, దానికి అర్థం లేదు, మరుక్షణంలో అది ఎలా ఉంటుందో చెప్పగలవారు లేరు. జోక్యం మాత్రం ఎవరో ఒకరు ఒక నియమం ప్రకారం కూర్చి పంపిన సందేశమే కాబట్టి, అది ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి ముందే తెలుసు. జోక్యం ఉన్న మార్గాల్లో డేటా వేగం పెంచడానికి గత అర్ధ శతాబ్దంలో వచ్చిన ముఖ్యమైన పద్ధతుల్లో చాలావరకు ఈ తేడాను ఆసరా చేసుకున్నవే. ఆ తెలిసిన సంగతి పంపేవారి దగ్గర ఉందా, అందుకునేవారు దాన్ని తేల్చుకోగలరా, లేక సందేశం తెలియకపోయినా అది వచ్చే దారి మాత్రమే తెలుసా అన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

వేగానికి హద్దు

క్లాడ్ షానన్ 1948లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, రొద ఉన్న మార్గంలో తప్పులు లేకుండా పంపగల గరిష్ఠ వేగం రెండు అంశాల మీద ఆధారపడుతుంది. మొదటిది బ్యాండ్‌విడ్త్, అంటే వాడుకోవడానికి దొరికిన పౌనఃపున్యాల వెడల్పు. రెండోది సంకేత శక్తికీ రొద శక్తికీ ఉన్న నిష్పత్తి. ఈ నిష్పత్తికి 1 కలిపి, 2 ఆధారంగా సంవర్గమానం తీసి, బ్యాండ్‌విడ్త్‌తో గుణిస్తే సెకనుకు ఎన్ని బిట్లు పంపవచ్చో వస్తుంది. దీన్నే ఆ మార్గపు సామర్థ్యం అంటారు. 1 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పట్టీలో సంకేతం రొదకు 1,000 రెట్లు, అంటే 30 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే, సామర్థ్యం సెకనుకు దాదాపు 10 మెగాబిట్లు. శక్తిని పదింతలు చేస్తే అది 13.3 మెగాబిట్లకు మాత్రమే చేరుతుంది. పెంపు కొద్దిపాటిదే అయినా, రొద ఒక్కటే ఉన్నచోట శక్తి పెంచడం వల్ల ఎంతో కొంత లాభం ఉంటుంది.

ఇదే పట్టీని రెండు జంటలు ఒకేసారి వాడుతున్నాయనీ, ప్రతి గ్రాహకానికీ తన సంకేతమూ పొరుగు సంకేతమూ సమాన బలంతో చేరుతున్నాయనీ అనుకుంటే లెక్క తలకిందులవుతుంది. పొరుగు సంకేతాన్ని కూడా రొదలోనే జమకట్టే మామూలు గ్రాహకానికి నిష్పత్తి 1,000 నుంచి దాదాపు 1కి, వేగం 10 మెగాబిట్ల నుంచి 1 మెగాబిట్‌కు పడిపోతాయి. ఇద్దరూ తమ ప్రసార శక్తిని పదింతలు చేసినా ఆ వేగం అక్కడే నిలిచిపోతుంది, ఎందుకంటే కావలసిన సంకేతం ఎంత పెరిగితే అక్కరలేనిదీ అంతే పెరుగుతుంది.

దీనికి అన్నిటికన్నా పాత ఉపాయం వంతులు వేసుకోవడం. ఒకరు పంపుతున్నంతసేపు మరొకరు ఆగితే, చెరి సగం కాలానికి 10 మెగాబిట్ల వేగం దక్కి, సగటున ఒక్కొక్కరికి 5 మెగాబిట్లు వస్తాయి. రేడియో కేంద్రాలకు వేర్వేరు పౌనఃపున్యాలు కేటాయించడమూ, జీఎస్‌ఎం ఫోన్లలో ఒక్కో వాహక తరంగాన్ని 8 కాల భాగాలుగా పంచడమూ ఈ కోవలోనివే. అయితే పొరుగు సంకేతం రొదంత బలహీనంగా మాత్రమే చేరుతున్నప్పుడు వంతులు వేసుకోవడం శుద్ధ దండగ: ఇద్దరూ ఒకేసారి పంపి, జోక్యాన్ని రొదగానే భరించినా ఒక్కొక్కరికి దాదాపు 9 మెగాబిట్లు అందుతాయి. జోక్యం మరీ స్వల్పంగా ఉంటే పట్టించుకోకుండా ఉండడం, బలంగా ఉంటే దారి విడదీయడం అనే ఈ రెండు మార్గాలతోనే టెలికాం రంగం చాలాకాలం నెట్టుకొచ్చింది. కష్టమంతా ఆ రెండింటికీ మధ్య ఉన్న స్థితిలో ఉంది, వాడుకలో ఎక్కువగా ఎదురయ్యేదీ అదే.

రాగి తీగల్లో క్రాస్‌టాక్

తొలి రోజుల టెలిఫోన్ ఒక్క ఇనుప తీగ మీద, భూమినే తిరుగు దారిగా చేసుకొని నడిచేది కాబట్టి, పక్కన ఉన్న టెలిగ్రాఫ్ తీగల చప్పుడూ వీధి ట్రాముల విద్యుత్తూ అందులోకి యథేచ్ఛగా చేరేవి. భూమిని వదిలి రెండు తీగలు వాడడం, ఆ రెండింటినీ ఒకదాని చుట్టూ ఒకటి మెలివేయడం దీనికి విరుగుడు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ దీనికి 1881లో పేటెంట్ పొందారు. మెలి తిరిగిన ప్రతిసారీ పొరుగు తీగకు దగ్గరగా ఉండేది ఒకసారి ఈ తీగ, మరోసారి ఆ తీగ అవుతుంది కాబట్టి, వాటిలో ప్రేరితమయ్యే వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. ఒకే కేబుల్‌లో ఉన్న జతలన్నిటికీ మెలి పొడవు ఒకటే అయితే ఈ రద్దు సరిగా జరగదు, అందుకే పక్కపక్క జతల మెలికలను కావాలనే వేర్వేరు పొడవుల్లో వేస్తారు. ఇంత చేసినా కొంత మిగులుతుంది, ఆ మిగిలినదే క్రాస్‌టాక్. మనిషి గొంతుకు కావలసిన 300 నుంచి 3,400 హెర్ట్జ్ పరిధిలో అది వినిపించనంత స్వల్పం. వానాకాలంలో కేబుల్ జాయింట్లలోకి నీరు దిగినప్పుడు ల్యాండ్‌లైన్‌లో ఎవరివో మాటలు వినిపించడం మాత్రం మెలిక లోపం కాదు, తీగల మీది తొడుగు దెబ్బతిన్నందువల్ల జరిగేది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ క్రాస్‌టాక్ కూడా పెరుగుతుంది. అదే రాగి తీగ మీద ఇంటర్నెట్ పంపాలన్న ఆలోచన వచ్చినప్పుడు అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

1999లో అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణీకరించిన ఏడీఎస్‌ఎల్ పద్ధతి గొంతు పరిధికి పైన 1.1 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని వాడుకుంటుంది. ఆ పట్టీని 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సన్నని ఉపవాహకాలుగా కోసి, ఒక్కో దానిలో రొద, క్రాస్‌టాక్ ఎంత ఉన్నాయో మోడెమ్ మొదట కొలుచుకొని, బాగున్న చోట ఎక్కువ బిట్లను, బాగాలేని చోట తక్కువ బిట్లను సర్దుతుంది, మరీ పాడైన ఉపవాహకాన్ని ఖాళీగా వదిలేస్తుంది. మోడెమ్ ఆన్ చేశాక దాని మీది దీపం కాసేపు మినుకుమంటూ ఉండి, తర్వాత నిలకడగా వెలగడం ఈ కొలత, సర్దుబాటు ముగిశాయనడానికి గుర్తు. భారతదేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించగా, 2005 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ తన ల్యాండ్‌లైన్ల మీద ఇంటింటికీ చేర్చింది ఈ డీఎస్‌ఎల్ కుటుంబానికి చెందిన సేవనే.

క్రాస్‌టాక్‌లో రెండు రకాలున్నాయి. ఎక్స్ఛేంజి నుంచి బలంగా బయలుదేరిన సంకేతం, అప్పుడే దూరం నుంచి నీరసించి వచ్చి అదే చోట దిగుతున్న పొరుగు సంకేతంలోకి చొరబడితే అది సమీపపు క్రాస్‌టాక్. రెండు సంకేతాలూ ఒకే దిశలో పోతూ అవతలి కొసన కలిస్తే అది దూరపు క్రాస్‌టాక్. మొదటిది భరించలేనంత బలమైనది కాబట్టి, వచ్చే డేటాకు, పోయే డేటాకు వేర్వేరు పౌనఃపున్యాలు కేటాయించి దాన్ని దాదాపు లేకుండా చేశారు. రెండోది తీగ మొత్తం నడిచి రావడం వల్ల కొంత తగ్గే వస్తుంది. అయితే 2006 నాటి వీడీఎస్‌ఎల్2 ప్రమాణంలో పౌనఃపున్యాలు 17 మెగాహెర్ట్జ్ దాకా, ఒక రూపంలో 30 మెగాహెర్ట్జ్ దాకా పెరిగి, తీగ పొడవు కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోవడంతో, అసలు అడ్డంకి ఇదే అయి కూర్చుంది.

ఈ అడ్డంకిని తగ్గించే మొదటి దారి శక్తిని తెలివిగా పంచడం. ఒక మోడెమ్ తనకున్న శక్తిని ఉపవాహకాల మధ్య ఎలా పంచుకోవాలన్నదానికి షానన్ కాలం నుంచీ జవాబు ఉంది: రొద స్థాయిలను ఎగుడుదిగుడు నేలగా ఊహించుకొని అందులో నీరు పోస్తే పల్లంలో లోతుగానూ మెరక మీద పలుచగానూ నిలిచినట్టే, రొద తక్కువున్న ఉపవాహకాలకు ఎక్కువ శక్తి చేరాలి. కేబుల్‌లోని ప్రతి మోడెమ్ ఇదే పని చేస్తే ఒకరు పోసిన నీరు పక్కవారి నేలను పైకి లేపుతుంది. 2002లో వెయ్ యూ, జార్జ్ గినిస్, జాన్ సియోఫీ ప్రతిపాదించిన పద్ధతిలో ప్రతి మోడెమ్ ఎప్పటికప్పుడు మారే నేలను కొలుచుకొని, తనకు కావలసిన వేగానికి మించి శక్తి వాడకుండా, మళ్ళీ మళ్ళీ సర్దుకుంటుంది; తీగల మధ్య క్రాస్‌టాక్ మరీ ఎక్కువ కానప్పుడు ఈ సర్దుబాటు ఒక నిలకడ స్థితికి చేరుతుంది. వీధి క్యాబినెట్ నుంచి వచ్చే పొట్టి తీగ, దూరపు ఎక్స్ఛేంజి నుంచి వచ్చే పొడుగు తీగను ముంచేసే సందర్భంలో దీని ప్రయోజనం ఎక్కువ. దగ్గరి వినియోగదారుకు దూరపు తీగ వాడుకోలేని ఎత్తయిన పౌనఃపున్యాలు ఎలాగూ అందుబాటులో ఉన్నందున, కింది పౌనఃపున్యాలను అతడు వదులుకున్నా పెద్ద నష్టపోడు.

వెక్టరింగ్

శక్తి పంపకం జోక్యాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు. తొలగించే పద్ధతి వెక్టరింగ్. గినిస్, సియోఫీ 2002లో దీని సిద్ధాంతాన్ని వివరించగా 2010లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. వినియోగదారుల మోడెమ్‌లు ఊరంతా చెదిరి ఉన్నా, వారికి డేటా పంపే పరికరం మాత్రం వీధి క్యాబినెట్‌లో ఒకటే ఉంటుంది. కాబట్టి ఏ తీగలోకి ఏ సంకేతం పోబోతోందో దానికి ముందే తెలుసు. ఒక తీగలోని సంకేతం రెండో తీగలోకి ఎంత మేర, ఏ దశలో చొరబడుతుందో కూడా తెలిస్తే, ఆ చొరబడబోయే భాగానికి సరిగ్గా వ్యతిరేకమైన సంకేతాన్ని రెండో తీగలోకి ముందుగానే కలిపి పంపవచ్చు. దారిలో చొరబాటూ దాని విరుగుడూ కలిసి సున్న అవుతాయి, అవతలి మోడెమ్‌కు కేబుల్‌లో తానొక్కడే ఉన్నట్టు తోస్తుంది.

చొరబాటు ఎంతో కొలవడంలో కూడా నేర్పు ఉంది. వీడీఎస్‌ఎల్2లో ప్రతి 256 డేటా చిహ్నాల తర్వాత సమన్వయం కోసం ఒక చిహ్నం వస్తుంది, అందులో వినియోగదారు డేటా ఉండదు. ఆ చిహ్నం మీద ఒక్కో తీగకు ఒక్కో గుర్తు వరుసను ఎక్కిస్తారు; ఏ రెండు వరుసలను గుణించి కూడినా సున్న వచ్చేలా వాటిని ఎంచుతారు. అవతలి మోడెమ్ తాను అందుకోవలసినదానికీ అందుకున్నదానికీ ఉన్న తేడాను తిరిగి పంపితే, క్యాబినెట్‌లోని పరికరం ఆ తేడాను ఒక్కో వరుసతో పోల్చి, అందులో ఏ తీగ వాటా ఎంతో విడదీస్తుంది. లెక్కల భారం తక్కువేమీ కాదు: 100 తీగలు, 4,096 ఉపవాహకాలు, సెకనుకు 4,000 చిహ్నాలు అనుకొని ప్రతి తీగ ప్రభావాన్నీ ప్రతి తీగ మీదా సరిదిద్దాలంటే సెకనుకు 16,000 కోట్లకు పైగా సంకీర్ణ సంఖ్యల గుణకారాలు చేయాలి. ఈ పద్ధతి ఆలోచనగా పుట్టడానికీ క్యాబినెట్లలోకి రావడానికీ మధ్య ఏళ్లు గడవడానికి ఒక కారణం ఇదే.

వెక్టరింగ్ పారడానికి ఒక షరతు ఉంది: కేబుల్‌లోని తీగలన్నీ ఒకే పరికరం చేతిలో ఉండాలి. కొన్ని తీగలు వేరే కంపెనీ పరికరానికి తగిలించి ఉంటే వాటి సంకేతాలు మొదటి పరికరానికి తెలియవు, వాటి జోక్యం అలాగే మిగిలిపోతుంది. ఐరోపాలో మాత్రం పాత గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టడానికి ఇంటి దాకా వెళ్లే తీగలను పోటీ కంపెనీలకు అద్దెకివ్వాలన్న నియమం అప్పటికే అమల్లో ఉంది. జర్మనీ నియంత్రణ సంస్థ 2013లో, కొన్ని షరతులకు లోబడి, క్యాబినెట్ దగ్గర పోటీదారులకు తీగలు ఇవ్వడాన్ని నిరాకరించే వీలు డాయిష్ టెలికామ్‌కు కల్పించినప్పుడు పెద్ద వివాదమే రేగింది. వేగానికీ పోటీకీ మధ్య భౌతిక శాస్త్రమే తగవు పెట్టిన అరుదైన సందర్భమిది.

పంపేవారికి ముందే తెలిసిన జోక్యం వల్ల సిద్ధాంతరీత్యా ఎంత నష్టం ఉంటుందన్న ప్రశ్నకు 1983లోనే మాక్స్ కోస్టా జవాబిచ్చారు: ఏమాత్రం ఉండదు. మరకలున్న కాగితం మీద, మరకలు ఎక్కడున్నాయో రాసేవాడికి మాత్రమే తెలిసి, చదివేవాడికి తెలియకపోయినా, తెల్ల కాగితం మీద రాసినంత సమాచారమూ చేర్చవచ్చని ఆయన నిరూపించారు. ఇందుకు మరకను తుడిచివేసే శక్తి అక్కరలేదు, దానికి అనువుగా రాతను మలుచుకుంటే చాలు. క్రాస్‌టాక్ అసలు సంకేతంతో పోటీపడేంత పెరిగే పౌనఃపున్యాల్లో సాదా తీసివేతకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. 106 మెగాహెర్ట్జ్, ఆపైన పనిచేసే జీ.ఫాస్ట్ తరం తీగల విషయంలో కోస్టా ఆలోచనకు దగ్గరి పద్ధతులు చర్చకు వచ్చింది అందుకే.

సెల్యులార్ జాలాలు

గాలిలో పరిస్థితి వేరు. 1947లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ రాసిన అంతర్గత పత్రంలో ప్రాంతాన్ని షట్కోణపు గళ్లుగా విభజించి, ఒకే పౌనఃపున్యాన్ని దూరదూరంగా ఉన్న గళ్లలో మళ్ళీ వాడే ఆలోచన ఉంది. 1983లో షికాగోలో వాణిజ్య సేవగా మొదలైన ఏఎంపీఎస్ జాలం పౌనఃపున్యాలను 7 గళ్ల గుంపుగా పంచింది. దూరం నాలుగో ఘాతంతో సంకేతం క్షీణిస్తుందనీ, ఒకే పౌనఃపున్యం వాడే 6 గళ్లు చుట్టూ ఉన్నాయనీ తీసుకుంటే, 7 గళ్ల గుంపులో అంచున ఉన్న ఫోనుకు సంకేతం జోక్యం కంటే సుమారు 73 రెట్లు, అంటే 18.7 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. ఆనాటి అనలాగ్ ఫోన్లలో మాట స్పష్టంగా వినబడడానికి కావలసింది 18 డెసిబెల్స్ కావడంతో లెక్క సరిపోయింది.

డేటా విషయంలో లెక్క వేరు. షానన్ సూత్రంలో పెట్టి చూస్తే 73 రెట్ల నిష్పత్తి హెర్ట్జ్‌కు 6.2 బిట్లు ఇస్తుంది గాని, గడికి దక్కింది పట్టీలో ఏడో వంతే కాబట్టి మొత్తం పట్టీ మీద సగటు హెర్ట్జ్‌కు 0.9 బిట్లే. 3 గళ్ల గుంపులో నిష్పత్తి 13.5కు పడిపోయినా సగటు 1.3 బిట్లకు పెరుగుతుంది. జోక్యాన్ని దూరంగా తరమడానికి వెచ్చించిన పౌనఃపున్యం, దానివల్ల కలిగిన లాభం కంటే ఖరీదైనదన్నమాట. అన్ని గళ్లలోనూ మొత్తం పట్టీని వాడితే మధ్యలో, టవరుకు సగం దూరంలో ఉన్న ఫోనుకు 4.6 బిట్ల దాకా వస్తుంది; మూడు గళ్లు కలిసే మూలన ఉన్న ఫోనుకు మాత్రం రెండు పొరుగు టవర్లు తన టవరంత బలంగానే వినబడతాయి కాబట్టి 0.6 కూడా రాదు. ఈ వైరుధ్యం నుంచి పుట్టినదే పాక్షిక పునర్వినియోగం: గడి నడిమి భాగంలోని వారికి మొత్తం పట్టీ, అంచున ఉన్నవారికి మూడో వంతు. నాలుగో తరం ఎల్‌టీఈ జాలాల్లో పొరుగు టవర్లు ఏ పౌనఃపున్య భాగంలో జోరుగా పంపబోతున్నాయో ఒకదానికొకటి చెప్పుకొనే ఏర్పాటు ఉంది. పెద్ద టవరు నీడలో చిన్న టవరు పెట్టినప్పుడు, 10 మిల్లీసెకన్ల ఫ్రేములోని కొన్ని 1 మిల్లీసెకను భాగాలలో పెద్ద టవరు దాదాపు మౌనంగా ఉండి చిన్నదానికి అవకాశం ఇస్తుంది.

సీడీఎంఏ జాలాలు గళ్లను విడదీసే పని మొదటి నుంచే మానేశాయి. ప్రతి ఫోనూ అదే పట్టీలో, తన సొంత కోడ్‌తో పంపుతుంది, మిగతావారందరూ దానికి రొద. ఇది నడవాలంటే అన్ని ఫోన్లూ టవరుకు సమాన బలంతో చేరాలి. 100 మీటర్ల దూరంలోని ఫోను, 2 కిలోమీటర్ల దూరంలోని ఫోనుకన్నా నాలుగో ఘాతపు లెక్కన 1,60,000 రెట్లు గట్టిగా వినబడుతుంది కాబట్టి, ఐఎస్-95 ప్రమాణంలో టవరు సెకనుకు 800 సార్లు ప్రతి ఫోనుకూ శక్తిని పెంచమనో తగ్గించమనో ఆజ్ఞ ఇస్తూ ఉంటుంది. నిజానికి టవరుకు ఆ కోడ్‌లన్నీ తెలుసు, కనుక అందరి సంకేతాలనూ కలిపి ఒకేసారి చదవడం మేలని 1980లలో సెర్జియో వెర్దూ చూపారు. అత్యుత్తమ పద్ధతికి అయ్యే లెక్కలు వాడుకరుల సంఖ్యతో పాటు ఘాతాల్లో పెరుగుతాయి, అందుచేత వాడుకలోకి వచ్చింది తేలికైన రూపమే: అందరికన్నా బలమైన సంకేతాన్ని ముందు చదివి, దాన్ని తిరిగి నిర్మించి, అందుకున్నదాంట్లోంచి తీసివేసి, మిగిలినదాంట్లో తరవాతి బలమైనదాన్ని వెతకడం.

యాంటెనాల సంఖ్య పెంచడం మరో దారి. ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్‌లకు 1994లో లభించిన పేటెంటు, 1996లో జెరార్డ్ ఫోషీనీ ప్రచురించిన పద్ధతీ ఒకే పౌనఃపున్యంలో ఒకేసారి పలు డేటా ధారలను వేర్వేరు యాంటెనాల నుంచి పంపవచ్చని చూపాయి. అవి దారిలో కలిసిపోయినా, గ్రాహకానికి అన్నే యాంటెనాలు ఉంటే అవి అన్ని సమీకరణాలు ఇస్తాయి, వాటిని సాధిస్తే ధారలు విడిపోతాయి. టవరు మీద పదుల సంఖ్యలో యాంటెనాలు ఉంచి, కావలసిన ఫోను వైపు సంకేతాలు ఒకటిగా కూడేలా, మిగతా ఫోన్ల వైపు ఒకదాన్నొకటి రద్దు చేసుకొనేలా పంపే విస్తృత రూపాన్ని 2010లో థామస్ మార్జెట్టా విశ్లేషించారు. 2022 అక్టోబరులో భారతదేశంలో మొదలైన 5జీ సేవల్లో 3.3 గిగాహెర్ట్జ్ పట్టీ మీద పనిచేసే బల్లపరుపు యాంటెనా పెట్టెలు ఈ కోవకు చెందినవే. యాంటెనాలు ఎన్ని పెంచినా ఒక లోపం మిగులుతుందని మార్జెట్టాయే చూపారు: మార్గాన్ని కొలవడానికి ఫోన్లు పంపే గుర్తు వరుసలు పరిమితం, పొరుగు గడిలో అదే వరుస వాడే ఫోను ఉంటే టవరు తెలియకుండానే తన కిరణంలో కొంత దానివైపు కూడా పంపుతుంది.

సమాచార సిద్ధాంతం చెప్పేది

రెండు జంటలు, పరస్పర జోక్యం, ఎవరి సందేశమూ ఎవరికీ ముందుగా తెలియదు. ఇంత చిన్న నమూనాకు సామర్థ్యం ఎంతన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 1975లో ఐదానో కార్లెయాల్ చూపిన ఫలితం ఆనాటికి వింతగా తోచింది: జోక్యం చాలినంత బలంగా ఉంటే అది అసలు నష్టమే చేయదు. మొదట తీసుకున్న ఉదాహరణలో సంకేతం రొదకు 1,000 రెట్లు ఉంటే, పొరుగు సంకేతం రొదకు 10 లక్షల రెట్లకు కాస్త పైన అందితే చాలు. గ్రాహకం ముందు పొరుగు సందేశాన్నే, తన సంకేతాన్ని రొదగా భావించి, పూర్తిగా చదివేస్తుంది. చదివాక దాన్ని తీసివేస్తే మిగిలేది తన సంకేతమూ అసలు రొదా మాత్రమే. ఇద్దరికీ పూర్తి 10 మెగాబిట్లు దక్కుతాయి.

అటు అతి బలహీనం, ఇటు అతి బలం కాని స్థితికి 1981లో తె సున్ హాన్, కింగో కొబయాషి ఒక ముఖ్యమైన పద్ధతి ఇచ్చారు. పంపేవారు తమ సందేశాన్ని రెండుగా చీలుస్తారు: ఒక భాగం అవతలి గ్రాహకం కూడా చదివి తీసివేయగలిగేది, రెండోది తన గ్రాహకానికి మాత్రమే ఉద్దేశించినది. రౌల్ ఎట్కిన్, డేవిడ్ సే, హువా వాంగ్ 2008లో ఈ చీలికకు సులువైన కొలత చెప్పారు. సొంత భాగానికి ఇచ్చే శక్తిని, అవతలి గ్రాహకంలో అది రొద స్థాయికి మించకుండా ఉండేటట్టు పెడితే, వచ్చే వేగం సాధ్యమైన గరిష్ఠానికి ప్రతి హెర్ట్జ్‌కూ సెకనుకు 1 బిట్ లోపలే ఉంటుంది. జోక్యపు బలాన్ని క్రమంగా పెంచుతూ వేగాన్ని గీస్తే వచ్చే వంకర ముందు దిగి, కాస్త ఎక్కి, మళ్ళీ దిగి, చివరికి పూర్తి ఎత్తుకు చేరుతుంది. సంకేతం 30 డెసిబెల్స్ ఉన్న మన ఉదాహరణలో మొదటి లోయ జోక్యం 15 డెసిబెల్స్ దగ్గర, రెండోది 30 దగ్గర, పూర్తి ఎత్తు 60 దగ్గర వస్తాయి. అంటే జోక్యం కాస్త పెరగడం వల్ల పరిస్థితి మెరుగయ్యే ప్రాంతాలు కూడా ఉన్నాయి. మరోవైపు, జోక్యం ఒక హద్దుకన్నా బలహీనంగా ఉంటే దాన్ని రొదగా చూసే పాత పద్ధతితోనే ఇద్దరి మొత్తం వేగమూ గరిష్ఠమవుతుందని 2009లో మూడు బృందాలు విడివిడిగా నిరూపించాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో శ్రీకాంత్ అన్నపురెడ్డి, వేణుగోపాల్ వీరవల్లి చేసిన పని అందులో ఒకటి.

జంటలు మూడు, అంతకు మించినప్పుడు కథ మళ్ళీ మారుతుంది. 2008లో వివేక్ కాడంబే, సయ్యద్ జాఫర్ ప్రచురించిన జోక్య సమరేఖనం ఇందుకు సంబంధించినది. మూడు జంటలు, అందరికీ రెండేసి యాంటెనాలు ఉన్నాయనుకుంటే ప్రతి గ్రాహకానికీ అందే సంకేతం రెండు దిశలున్న తలంలో ఉంటుంది. ముగ్గురూ తలా ఒక ధార పంపితే మూడు ధారలు రెండు దిశల్లో ఇరుకవు. అయితే పంపేవారు తమ రెండు యాంటెనాల మధ్య నిష్పత్తిని జాగ్రత్తగా ఎంచుకుంటే, ప్రతి గ్రాహకం దగ్గరా అక్కరలేని రెండు ధారలూ ఒకే గీత మీద పడేలా చేయవచ్చు. రెండో దిశ కావలసిన ధారకు ఖాళీగా మిగులుతుంది. అక్కరలేని ధారల్లోని సందేశాలేమిటో గ్రాహకానికి తెలియవలసిన అవసరం కూడా లేదు. జంటల సంఖ్య ఎంతైనా, శక్తి చాలినంత ఉన్నచోట, ప్రతి ఒక్కరికీ ఒంటరిగా ఉన్నప్పుడు దక్కే వేగంలో దాదాపు సగం దక్కించుకోవచ్చన్నది ఈ సిద్ధాంతపు సారం. 10 జంటలు వంతులు వేసుకుంటే పదో వంతే వస్తుంది కాబట్టి ఈ ఫలితం చాలా ఉత్సాహం రేపింది.

కొలతకయ్యే ఖర్చు

ఆ ఉత్సాహం ఫోన్లలో ఎక్కువగా కనబడకపోవడానికి కారణం కొలత. సమరేఖనానికి ప్రతి ప్రసారిణికీ అన్ని మార్గాల స్థితీ ఖచ్చితంగా తెలియాలి, అదీ అవి మారేలోపు. క్యాబినెట్ నుంచి ఇంటికి పోయే రాగి తీగ గంటల తరబడి పెద్దగా మారదు, ఒకసారి కొలిస్తే చాలాసేపు పనికొస్తుంది. 3.5 గిగాహెర్ట్జ్ పట్టీలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సులోని ఫోనుకు డాప్లర్ మార్పు 190 హెర్ట్జ్‌కు పైగా ఉంటుంది, అంటే మార్గం 2 మిల్లీసెకన్లకే మరో మార్గమైపోతుంది. ఆ వ్యవధిలో కొలవాలి, కొలిచినదాన్ని టవర్లన్నిటికీ చేర్చాలి, లెక్కకట్టాలి, ఆపైన మిగిలిన కాలంలో డేటా పంపాలి. పొరుగు టవర్లు కలిసి ఒకే ఫోనుకు సంకేతం పంపే సహకార ప్రసారాన్ని ఎల్‌టీఈ పదకొండో విడుదలలో ప్రమాణాల్లోకి చేర్చినా, వాడుకలో వచ్చిన లాభం కాగితం మీది లాభానికి చాలా దూరంలో ఉండిపోవడం ఇందువల్లనే. కదలకుండా కూర్చున్న వాడుకరులకు, ఒకే చోట కేంద్రీకృతమైన లెక్కల యంత్రం ఉన్నచోట ఈ పద్ధతి పనితీరు మెరుగ్గా ఉంటుంది.

వైఫైలో కొలతకన్నా యాజమాన్యం పెద్ద అడ్డంకి. అపార్టుమెంటులో ఒక గోడకు అటూ ఇటూ ఉన్న రెండు రౌటర్లు ఇద్దరు వేర్వేరు గృహస్థులవి, వాటికి డేటా ఇచ్చే కంపెనీలూ వేరు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా 1, 6, 11 అనే మూడు చానళ్లకు మించి చోటు లేదు, కాబట్టి నాలుగో ఇల్లు వచ్చేసరికి పంపకం తప్పదు. ఇంతకాలం వైఫై పాటించిన నియమం పంపేముందు వినడం, ఎవరైనా పంపుతుంటే ఆగడం. 2021 నాటి 802.11 ఏఎక్స్ ప్రమాణం ప్రతి జాలానికీ ఒక రంగు సంఖ్య ఇచ్చి, వినబడుతున్నది తన జాలపుదా, దూరపు పొరుగుదా అన్నది పరికరం వెంటనే గుర్తించేలా చేసింది. పొరుగుది, అదీ బలహీనమైనది అయితే ఆగనక్కరలేదు, రొదగా భావించి పంపేయవచ్చు. దీని తరవాతి తరాల్లో ఒకటిగా రూపొందుతున్న 802.11 బీఎన్‌లో రౌటర్లు తమలో తాము మాట్లాడుకొని శక్తినీ కిరణాలనూ సర్దుకొనే పద్ధతులు చేరుతున్నాయి. కార్యాలయాల్లో, విమానాశ్రయాల్లో రౌటర్లన్నీ ఒకే సంస్థవి కనుక అవి ముందుగా ఉపయోగపడేది అక్కడే. ఇళ్లలో మాత్రం అవి పనిచేయాలంటే రెండు కంపెనీల రౌటర్లు ఒకదానినొకటి నమ్మి తమ డేటా ఎప్పుడు, ఎటు పోతోందో చెప్పుకోవలసి ఉంటుంది.